జాన్ వెస్లీ – ఆక్స్‌ఫర్డు చెరసాల

నిజామాబాదు పట్టణమునందును, డిచ్‌పల్లి, బోధన్ పరిసరములందలి పల్లెలయందును దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన దేవాలయములు కలవు. ఇవి మెదకు అధ్యక్ష మండలములోనివి. ఈ సంఘములలో పాత కుటుంబములవారి తాత ముత్తాతలు వెస్లియన్ మిషనువారి చేతులమీదుగా బాప్తిస్మము పొందినవారు. ఆ మిషనునకు పేరైన జాన్ వెస్లీ హిందూదేశమును ఎన్నడును చూచినవాడు కాడు. ఐనను ఆయన జీవితకథ ఇక్కడి క్రైస్తవుల ఇండ్లలో తెలిసినదే. బాల్యమున అగ్నిప్రమాదమునుండి బయటపడుట, గుఱ్ఱముపై ఊరూర తిరిగి ప్రసంగించుట, తమ్ముడు చార్లెస్ వేలకొలది కీర్తనలు రచించుట – ఇవి యన్నియు తరచుగా చెప్పుకొను విషయములు. ఆ కథలో అంతగా చెప్పుకొనని ఘట్టము ఒకటి కలదు. అది 1732లో జరిగినది. స్వలింగానురక్తులకు సంఘములో స్థానమున్నదా యను ప్రశ్న ప్రపంచమందలి క్రైస్తవ మండలుల నన్నింటిని కలవరపెట్టుచున్న ఈ కాలమున ఆ ఘట్టము తెలిసికొనదగినది.

జాన్ వెస్లీ 1703 జూన్ 17న ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అను గ్రామమున జన్మించెను. తండ్రి సామ్యూల్ ఆ గ్రామ దేవాలయమునకు గురువు. తల్లి సుసన్నా. వారికి కలిగిన 19 మంది సంతానములో ఆయన 15వ వాడు. వారిలో పలువురు శైశవముననే గతించిరి. తండ్రి పండితుడే గాని లౌకికము తెలిసినవాడు కాడు. అప్పు తీర్చలేక 1705లో లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలుండెను. చెరసాల గోడలు ఎట్టివో ఆ కుటుంబమునకు పరుల నోటివలన తెలిసిన విషయము కాదు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు అంటుకొనెను. అందఱును బయటపడిరి గాని ఐదేండ్ల జాన్ మేడమీది గదిలో చిక్కుకొనెను. ఒకని భుజములపై మఱియొకడు నిలిచి కిటికీలోనుండి బిడ్డను దింపిన క్షణములలోనే కప్పు కూలెను. దేవుడు తన్ను ఏదో పనికొఱకు మంటలోనుండి తీసినాడని ఆయన జీవితమంతయు తలంచెను. తల్లి సుసన్నా బిడ్డలకు తానే చదువు చెప్పెను. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డను ప్రత్యేకముగా కూర్చుండబెట్టుకొని వాని మనస్సులోని మాట వినెడిది. తరువాతి కాలమున వెస్లీ స్థాపించిన చిన్న చిన్న కూటములకు బీజము ఆ తల్లి వంటింటిలోనే పడినదని చెప్పవచ్చును.

లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలలో చదివి, 1720లో ఆయన ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చేరెను. 1726లో లింకన్ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యెను. 1728లో ఇంగ్లండు సంఘమునందు గురువుగా అభిషిక్తుడయ్యెను. 1729 చివర తిరిగి ఆక్స్‌ఫర్డునకు వచ్చునప్పటికి తమ్ముడు చార్లెస్ కొలదిమంది విద్యార్థులను కూర్చుకొని ప్రార్థన, గ్రంథపఠనము సాగించుచుండెను. జాన్ వారికి నాయకుడయ్యెను. వారము రెండు దినములు ఉపవాసము, వేకువనే లేచుట, గంట గంటకు చేసిన పనిని దినచర్య పుస్తకమున గుర్తులతో వ్రాసికొనుట వారి నియమములు. తక్కిన విద్యార్థులు వారిని పరిహసించి, పవిత్ర సమాజమనియు, మెథడిస్టులనియు పేర్లు పెట్టిరి. పరిహాసముగా పుట్టిన ఆ రెండవ పేరే నేడు కోట్లాది జనుల సంఘమునకు నిలిచినది.

ఆ సమాజమును గదులనుండి వీధికి తెచ్చినవాడు విలియం మోర్గన్ అను ఐర్లండు యువకుడు. 1730లో అతడు కోట చెరసాలలోని ఒక ఖైదీని చూడబోయి, అచ్చటి స్థితి చూచి, వెస్లీ సోదరులను వెంటబెట్టుకొని పోయెను. ఆగస్టు 24న వారు మొదటిసారి వెళ్లిరి. పట్టణ ద్వారముపైనున్న బొకార్డో అను మఱియొక చెరసాలకును పోవ నారంభించిరి. ఆ కాలపు చెరసాలలలో తిండికి, పక్కకు, సంకెల సడలించుటకు సయితము ఖైదీయే డబ్బు చెల్లించవలెను. స్వల్పమైన అప్పునకు పట్టుబడినవాడు సంవత్సరముల తరబడి మ్రగ్గుచుండెను. వెస్లీ బృందము వారికి ప్రార్థనలు జరిపించి, మందులు, పుస్తకములు తెచ్చియిచ్చి, చిన్న అప్పులు తీర్చి, వారి బిడ్డలకు చదువు చెప్పించిరి. ఇది తగునా యని వెస్లీ తండ్రికి వ్రాయగా, తానును విద్యార్థిగా ఆ చెరసాలలకే పోయి ఖైదీలను చూచితినని తండ్రి సంతోషముతో జవాబిచ్చెను. ఆక్స్‌ఫర్డు బిషప్పు అనుమతియు లభించెను.

ఇంతవరకు పట్టణము నవ్వి ఊరకుండెను. 1732లో వచ్చిన చిక్కు నవ్వుతో పోవునది కాలేదు. ఆ సంవత్సరము ఆక్స్‌ఫర్డు చెరసాలలో థామస్ బ్లేర్ అను నొకడుండెను. అతనిపై మోపబడిన నేరము పురుష సంయోగమునకు సంబంధించినది.

ఆ నేరముయొక్క బరువు తెలియవలెనన్నచో అప్పటి చట్టమును చూడవలెను. 8వ హెన్రీ రాజు కాలమున 1533లో చేసిన శాసనము ఆ కార్యమునకు మరణశిక్ష విధించెను. అంతకు ముందు ఇట్టి విషయములను సంఘపు న్యాయస్థానములు విచారించెడివి. ఈ శాసనముతో అవి రాజు న్యాయస్థానములకు వచ్చెను. కార్యము ఋజువు కాక, ప్రయత్నము మాత్రమే ఋజువైనచో జుల్మానా, ఖైదు, బహిరంగమున బొండ కొయ్యలో బిగించి నిలుపుట శిక్షలుగా నుండెను. ఈ కడపటి శిక్షలో జనులు రువ్విన రాళ్ల దెబ్బలకు ప్రాణములు విడిచినవారును కలరు. పొరుగుననున్న హాలండులో 1730 మొదలు ఇట్టి నేరము పేరిట పెద్ద వేట సాగి, పలువురు మరణదండనకు గురియైరి.

అట్టి కాలమున వెస్లీ బ్లేరును విడువలేదు. ఆయన పలుమారులు చెరసాలకు పోయి అతనితో కూర్చుండెను, గ్రంథములు చదివి వినిపించెను. అంతటితో ఆగక, న్యాయవాదులతో సంప్రదించి, అతని పక్షమున కాగితములు సిద్ధపఱచుటకు పాటుపడెను. తోటి ఖైదీలు సయితము బ్లేరును అసహ్యించుకొని బాధపెట్టుచుండిరి. దొంగలు, అప్పులవారు గల చెరసాలలో గూడ అతడు అంటరానివాడయ్యెను. అట్టివానికి పవిత్ర సమాజపు యువకులు అండగా నిలుచుట పట్టణమునకు సహింపరానిదయ్యెను.

వెస్లీకి పరిచితుడును, ఒక బిషప్పు కుమారుడును అగు థామస్ విల్సన్ ఆనాటి తన దినచర్యలో ఈ సంగతిని ప్రస్తావించెను. బ్లేరు నిర్దోషియో కాదో నిర్ణయించుట వీరి పని కాదనియు, ఊరంతయు దోషియని నమ్మినవానిని వెనుకవేసికొని వచ్చి ఇంతటి అపవాదు తెచ్చుకొనుటకంటె అతడు శిక్ష ననుభవించుటయే మేలనియు, ఉద్దేశము మంచిదైనను పని అవివేకమనియు అతని భావము. విల్సన్ క్రూరుడు కాడు. మంచివారు అనేకులు అట్లే తలంచిరి. సంఘముయొక్క పేరు చెడరాదను చింత వారిని పట్టుకొనెను. ఆ సంవత్సరమే డిసెంబరులో లండను పత్రిక యొకటి మెథడిస్టులను దుయ్యబట్టుచు లేఖను ప్రకటించెను. ఆ పేరు అచ్చులో తిట్టు తినుట అదియే మొదలు.

బ్లేరునకు న్యాయస్థానమున జుల్మానా పడెను. వెస్లీ మాత్రము ఈ విషయమును తరువాత ప్రసంగములలోగాని, అచ్చు వేసిన దినచర్యలలోగాని చెప్పుకొనలేదు. సంకేతాక్షరములతో వ్రాసికొన్న ఆక్స్‌ఫర్డు దినచర్యలను 20వ శతాబ్దపు విద్వాంసులు విప్పి చదివిన పిమ్మటనే ఈ కథ లోకమునకు తేటపడెను. అందులో వాదము లేదు; ఏ దినము, ఏ వేళ, ఎవరివద్దకు పోయినది మాత్రమే యున్నది.

ఈ ఒక్క ఘట్టమునుబట్టి వెస్లీని నేటి ఉదారవాదిగా చిత్రించుట సత్యము కాదు. ఆయన స్వభావమున నియమనిష్ఠ మిక్కిలి గట్టిది. ఒక్కొక్కప్పుడు అది కాఠిన్యముగా మాఱెడిది. 1735లో ఆయన అమెరికాలోని జార్జియా వలసకు గురువుగా వెళ్లెను. సవానా పట్టణమున సోఫియా హాప్కీ అను యువతిపై ఆయనకు అనురాగము కలిగెను. గాని నిశ్చయింపలేక జాగుచేసెను. 1737లో ఆమె మఱియొకనిని వివాహమాడెను. కొలది నెలల పిమ్మట, నియమభంగము చేసినదను కారణమున, ఆమెకు ప్రభు రాత్రి భోజన సంస్కారమును బహిరంగముగా నిరాకరించెను. ఆమె భర్త వ్యాజ్యము వేసెను. పట్టణమంతయు రెండుగా చీలెను. డిసెంబరులో వెస్లీ రాత్రివేళ సవానా విడిచి ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. చెరసాలలోని ఖైదీకి తలుపు తెఱచిన చేయియే, తన సొంత గాయము అడ్డువచ్చినప్పుడు దేవుని బల్లవద్దనుండి ఒక స్త్రీని త్రోసివేసెను. సంఘ నియమము, నియమమును నడపువాని సొంత మనస్సు ఎట్లు కలిసిపోవునో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము ఆయన జీవితమున లేదు.

ఓడిన మనస్సుతో తిరిగి వచ్చిన ఆయనకు 1738 మే 24 సాయంకాలము లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువుచుండగా వినినప్పుడు, హృదయమున వింత వెచ్చదనము కలిగెను. తన పాపములును క్షమింపబడినవను నిబ్బరము ఏర్పడెను. మఱుసటి సంవత్సరము ఏప్రిలు 2న, మిత్రుడు జార్జి విట్‌ఫీల్డు ప్రోద్బలమున, బ్రిస్టల్ పొలిమేరలో ఆరుబయట నిలిచి ప్రసంగించెను. దేవాలయపు గోడలలోనే బోధింపవలెనను ఆచారముగల గురువునకు అది సిగ్గుచేటైన పనిగా తోచెను. ఐనను కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలు, వారి కుటుంబములు వేలకొలదిగా వచ్చి వినిరి. వారికి ఏ దేవాలయమునందును చోటు లేకుండెను. నల్లని చెంపలపై కన్నీటి చాళ్లు తెల్లగా కనబడుచుండెనని విట్‌ఫీల్డు వర్ణించెను.

అచ్చటినుండి 50 సంవత్సరములు ఆయన సంచారము సాగెను. గుఱ్ఱముపైనను బండిలోనను సుమారు 2,50,000 మైళ్లు తిరిగి, 40,000 ప్రసంగములు చేసినట్లు లెక్క కట్టుదురు. 1747లో బీదలకొఱకు సులభ వైద్య గ్రంథమును ప్రకటించెను. ఆదాయము పెరిగినను మొదటి సంవత్సరములలో తన ఖర్చునకు 28 పౌనులకు మించి వాడుకొనక తక్కినది పంచిపెట్టెను. 1742లో తరగతి కూటములు ఏర్పఱచెను. పండ్రెండుగురు చొప్పున వారమునకొకసారి కలిసి, ఒకరి యోగక్షేమములు ఒకరు విచారించుకొని, తలకొక పెన్నీ ఇచ్చుట ఆ కూటముల పద్ధతి. తెలుగుదేశపు వెస్లియన్ మిషను పల్లె సంఘములకు ఈ కూటమే మాతృక.

తరగతికి లోపలి వాకిలి యున్నట్లే బయటి వాకిలియు నుండెను. 1743లో న్యూకాజిల్ సమాజమునుండి 64 మందిని ఆయన తొలగించెను. వారిలో 17 మంది త్రాగుబోతులు, ముగ్గురు కలహశీలురు, ఒకడు భార్యను కొట్టినవాడు, 29 మంది అశ్రద్ధ, చులకన స్వభావము గలవారు. ఈ పట్టికను ఆయనయే తన దినచర్యలో ప్రకటించెను. పాపము చిన్నదైనను పెద్దదైనను సంఘము చూచి చూడనట్లు ఊరకుండరాదని ఆయన మతము. ఐతే ఏ యొక్క పాపమునో ఎంచి, అదియే సకల పాపములకు మూలమని చాటుట ఆయన పద్ధతి కాదు.

ఈ విషయము ఆయన 1755లో ప్రకటించిన క్రొత్త నిబంధన వ్యాఖ్యలో తేటగా కానవచ్చును. రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయమున పౌలు చెప్పిన మాటలను ఆయన పూర్వాచార్యుల వలెనే కఠినముగా గ్రహించెను. పురుష సంయోగము పాపమేయని ఆయన నమ్మెను. గాని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమందలి పాపుల పట్టికలో ఒక మాటవద్ద ఆయన దారి వేఱు. తెలుగు బైబిలులో ఆడంగితనము గలవారని అనువదింపబడిన గ్రీకు పదమునకు అక్షరార్థము మెత్తనివారు. సుఖమునకు అలవాటుపడి, ఏ సిలువను మోయక, ఏ కష్టమును ఓర్వక సోమరిగా బ్రతుకువారని వెస్లీ దానికి అర్థము చెప్పెను. ఎవరికిని హాని చేయని మంచివారని లోకము మెచ్చు ఇట్టివారు పౌలు పట్టికలో ఘోరపాపుల సరసన చేర్చబడిరి. కావున అల్పమని తలంచు పాపమునుండి కాచుకొననివాడు పెద్ద పాపములనుండి భద్రుడు కాడని ఆయన హెచ్చరించెను. వేలు ఎదుటివానివైపు గాక, పీటమీద మెత్తగా కూర్చున్న సజ్జనునివైపు త్రిప్పిన వ్యాఖ్య యిది. రెండు శతాబ్దముల పిమ్మట ఆ పదమునకు అర్థమేమని వేదపండితులు తర్కించినప్పుడు వెస్లీ వ్యాఖ్యయు చర్చకు వచ్చెను.

1750లో అచ్చైన మఱియొక ప్రసంగములో, అందఱును ఒకే తీరుగా తలంచుట సాధ్యము కాకపోయినను ఒకే తీరుగా ప్రేమించుటకు అడ్డేమున్నదని ఆయన ప్రశ్నించెను. అయితే మూలసిద్ధాంతముల యందు లక్ష్యము లేకుండుట తన ఉద్దేశము కాదని అందే స్పష్టము చేసెను. ఈ రెండు వాక్యములను ఇరుపక్షములవారును చెఱియొకటి పట్టుకొని వాదించుట తరువాతి చరిత్ర.

1751లో మేరీ వాజెయిల్ అను వితంతువును ఆయన పెండ్లాడెను. ఆ కాపురము సుఖముగా సాగలేదు. చివరకు ఆమె ఆయనను విడిచిపోయెను. 1774లో బానిస వ్యాపారమును ఖండించుచు ఆయన చిన్న గ్రంథమును వ్రాసెను. బానిసత్వమునకు బైబిలునుండి ఆధారములు చూపు గురువులు ఆ కాలమున కొదవ లేదు. ఐనను న్యాయమునకు, కరుణకు విరుద్ధమైనది దైవధర్మము కాజాలదని వెస్లీ నిశ్చయించెను. 1791 ఫిబ్రవరి 24న, మరణమునకు ఆరు దినములు ముందు, ఆ వ్యాపారముపై పోరాడుచున్న విల్బర్‌ఫోర్సునకు ధైర్యము చెప్పుచు ఆయన ఉత్తరము వ్రాసెను. మార్చి 2న, 87వ యేట, లండనులో కన్నుమూసెను. అప్పటికి బ్రిటనులో ఆయన సమాజములలో 70,000కు పైగా సభ్యులుండిరి.

ఆ విల్బర్‌ఫోర్సు అనుచరులలో జకారీ మెకాలే ఒకడు. అతని కుమారుడగు థామస్ మెకాలేయే హిందూదేశమునకు శిక్షాస్మృతి రచించినవాడు. 1837లో సిద్ధమైన ఆ ముసాయిదా మార్పులు పొంది 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమలునకు వచ్చెను. అందలి 377వ సెక్షను ప్రకృతి విరుద్ధ సంయోగమునకు యావజ్జీవము వఱకు శిక్ష విధించెను. 8వ హెన్రీ నాటి శాసనపు నీడ ఇట్లు సముద్రము దాటెను. బానిసలను విడిపించిన ఇండ్లనుండియే ఈ సంకెలయు వచ్చెను. ఇంగ్లండులో ఈ నేరమునకు చివరి ఉరిశిక్షలు 1835లో జరిగెను. 1861లో మరణశిక్ష రద్దయ్యెను.

వెస్లియన్ మిషనువారు 1880 ప్రాంతమున సికిందరాబాదులో అడుగు పెట్టిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఇందూరని పేరుగల నిజామాబాదునకు వచ్చిన మిషనరీలలో జార్జి కెర్, డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు ముఖ్యులు. వారు 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. ఊరిబయట పడియున్న కుష్ఠ రోగులను చూచి వారి కొఱకు నిజామాబాదులో ఆశ్రయము ప్రారంభించిరి. నర్సాగౌడు అను హిందూ దాత ఇచ్చిన సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలసెను. కుష్ఠురోగి అశుద్ధుడని, పాళెము వెలుపల నివసింపవలెనని పాత నిబంధనయందు విధి కలదు. ఆ విధిని చదువుచునే ఆ దంపతులు రోగుల నడుమ నివసించిరి. వెస్లీ చెరసాల సేవకు డిచ్‌పల్లి ఆస్పత్రి నిజమైన వారసత్వము. ఒక్క సంగతి మఱువరాదు. కుష్ఠు రోగము, స్వలింగానురక్తి రోగము కాదు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వ్యాధుల పట్టికనుండి తొలగించెను. పోలిక వెలివేయబడినవారి యందు కాదు, వెలివేసినవారి భయమునందు ఉన్నది.

నిజాంసాగరు నీళ్లు పారి, 1937లో బోధన్‌వద్ద శక్కర్‌నగరులో చక్కెర కర్మాగారము వెలసిన తరువాత ఆ ప్రాంతమంతయు చెరకు సీమయయ్యెను. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. ఆ సీమ పల్లెలలో క్రైస్తవునికి సంఘమనగా ఆదివారపు ఆరాధన మాత్రమే కాదు. నామకరణము, పెండ్లి, సమాధి – అన్నియు దాని చేతిలోనివి. సంఘము ముఖము త్రిప్పినచో అతనికి ఊరిలో బంధువు ఉండడు. కావున అట్టి మనఃప్రవృత్తి గల యువకునిగాని యువతినిగాని సంఘపెద్దలు ఎట్లు చూతురను ప్రశ్న వారికి వేదాంత చర్చ కాదు, బ్రతుకు సమస్య.

సంస్థానపు చట్టమును అట్టివారిని చల్లగా చూడలేదు. 1329 ఫసలీ, అనగా 1919లో నిజాం ప్రభుత్వము హిజ్రాలపై ఒక చట్టము చేసెను. వారి పేర్లు రిజిస్టరులో నమోదు కావలెను. స్త్రీవేషముతో బహిరంగమున కనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చును. శతాబ్దమునకు పైగా గ్రంథములలో నిలిచిన ఆ చట్టమును 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసెను. 377వ సెక్షను విషయమున ఢిల్లీ హైకోర్టు 2009లో ఊరట కలిగింపగా, దానిపై సుప్రీంకోర్టునకు పోయినవారిలో ఉత్కళ క్రైస్తవ మండలి, కేరళలోని అపొస్తలిక సంఘముల కూటమి ఉండెను. 2013లో సుప్రీంకోర్టు ఆ ఊరటను రద్దు చేసెను. అప్పుడు భారత జాతీయ క్రైస్తవ సంఘముల మండలి ప్రధాన కార్యదర్శి ఆ తీర్పును ప్రశ్నించి, ఇట్టివారిని నేరస్థులుగా చూడరాదను పక్షము వహించెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనులు ఇష్టపూర్వకముగా ఏకాంతమున నెఱపు సంబంధము నేరము కాదని తేల్చెను. 2023 అక్టోబరు 17న అట్టి వివాహములకు చట్టబద్ధత నిచ్చుటకు మాత్రము నిరాకరించెను.

వెస్లీ పుట్టిన దేశమున మార్పు సంఘములోనుండియే మొదలయ్యెను. 1955లో డెరిక్ షెర్విన్ బెయిలీ అను ఇంగ్లండు సంఘపు గురువు, సొదొమ పట్టణ పాపము అతిథులపట్ల చేసిన దౌర్జన్యమని వాదించుచు గ్రంథము వ్రాసెను. 1957లో వుల్ఫెండెన్ సంఘము శిక్ష తొలగింప వలెనని సిఫారసు చేయగా, ఆర్చిబిషప్పు రామ్సే ప్రభువుల సభలో దానిని బలపఱచెను. పాపమైనది యెల్ల నేరము కానక్కరలేదని ఆయన పక్షము. 1967లో ఆ మేరకు చట్టము వచ్చెను. బ్రిటను మెథడిస్టు సంఘము 1993లో డెర్బీ మహాసభయందు, సాంప్రదాయిక వివాహ నీతిని నిలుపుచునే, స్వలింగానురక్తులగు స్త్రీ పురుషుల సేవను గుర్తించు తీర్మానములు చేసెను. 2021 జూన్ 30న, 254 మంది అనుకూలముగను 46 మంది ప్రతికూలముగను ఓటు వేయగా, స్వలింగ వివాహములకు తన దేవాలయముల తలుపులు తెఱచెను. అంతరాత్మ అంగీకరింపని గురువులను బలవంతపెట్టరాదను నియమమును చేర్చెను.

అమెరికాలోని ఐక్య మెథడిస్టు సంఘపు దారి కష్టతరమైనది. ఆ ఆచరణము క్రైస్తవ బోధకు పొసగదను వాక్యమును 1972లో తన నియమావళిలో చేర్చెను. అర్ధశతాబ్దపు వాదము నడుమ, 2019 మొదలు 2023 వఱకు 7,600కు పైగా దేవాలయములు ఆ సంఘమును విడిచిపోయెను. 2024లో ఆ వాక్యము తొలగింపబడెను. ఆ వెంటనే ఐవరీకోస్టులోని పెద్ద సంఘము వేఱుపడెను. పోయినవారును నిలిచినవారును వెస్లీ వారసులమనియే చెప్పుకొనుచున్నారు. వారి మాట రెండువైపులను కొంత నిజమే. వేదవాక్యమును ఇష్టానుసారము సడలింపరాదనుట వెస్లీ బోధ. ఎవనినిగాని మానవ కరుణకు వెలుపల నుంచరాదనుట వెస్లీ ఆచరణము.

ఈ వివాదమునకు ఆక్స్‌ఫర్డు ఘట్టము తీర్పు చెప్పదు. బ్లేరు ప్రవర్తన ధర్మమని వెస్లీ అనలేదు. స్వలింగ వివాహమను ఊహయే ఆనాటివారికి లేదు. గాని విల్సన్ వంటి సజ్జనులు వేసిన ప్రశ్నకు మాత్రము అందు స్పష్టమైన జవాబు కలదు. అపవాదు వచ్చునని వెస్లీకి తెలియును. అప్పటికే నవ్వులపాలైన తన చిన్న సమాజమునకు అది చేటు తెచ్చుననియు తెలియును. ఐనను దోషమో నిర్దోషమో తేలువఱకు ఆగక, చెరసాలకు నడచిపోయి, అందఱును వెలివేసినవాని ప్రక్కన కూర్చుండి, అతని కాగితములు చూచి, న్యాయవాదిని వెదకెను. మెదకు మండలమందలి ఏ పల్లెలోనైనను ఒక తండ్రి తన బిడ్డ సంగతి చెప్పుకొనుటకు గురువు నింటికి సాయంకాలము రహస్యముగా వచ్చినప్పుడు, ఆ గురువునకు సిద్ధాంతము తరువాత తేల్చుకొనుటకు వ్యవధి యుండును. తలుపు తీయుటకు మాత్రము వ్యవధి యుండదు. వెస్లీ 29వ యేట చేసినది ఆ మొదటి పని.